2023 సినిమా అవార్డుల విజేతలు: క్విజ్‌కి తప్పు లేని పట్టిక ఎట్టా చేయాలి?

క్విజ్_కావలి

అందరికీ నమస్కారం. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు గదా, హైస్కూలు పిల్లలకి క్విజ్ పెడుతున్నాం. అందులో సినిమా రౌండు ఒకటి. 2023లో ఇచ్చిన పెద్ద అవార్డులే తీసుకుందామనుకున్నాం. అటు ఆస్కారు, ఇటు జాతీయ ఉత్తమ నటుడు, రెండూ ఒకే ఏడు తెలుగు సినిమాకి వచ్చినాయి. పిల్లలకి ఇష్టంగా ఉంటుంది, నేర్చుకోవాల్సిందీ ఉంటుంది.

చిక్కల్లా ఏడాదితోనే. ఒక జీకే పుస్తకంలో "2021 ఉత్తమ నటుడు అల్లు అర్జున్" అని ఉంది. ఇంకోదాంట్లో అదే అవార్డు 2023 కింద ఉంది. మూడోది తీస్తే 2023 ఉత్తమ నటుడు షారుఖ్ ఖాన్ అంటోంది. ట్రిపుల్ ఆర్ 2022 మార్చి 25న రిలీజైంది, దాన్నేమో 2021 అవార్డుల్లో వేశారు. ఈ మూడిట్లో ఏది తప్పు? మొత్తం విజేతల జాబితా ఎవరన్నా సరిచూసి ఇస్తే, ప్రశ్నలు ఎట్టా రాయాలో కూడా చెబితే మేలు. తల్లిదండ్రులు ఫోన్లు చేతిలో పెట్టుకుని కూర్చుంటారు. వేదిక మీద జవాబు మీద గొడవొస్తే పిల్లలు చిన్నబోతారు.

ఒంగోలు_రీలు

మూడిట్లో ఏదీ తప్పు కాదన్నా. ఒక పుస్తకం సినిమా ఏడాదిని రాసింది, ఇంకోటి అవార్డు ప్రకటించిన ఏడాదిని రాసింది. మూడోది చెప్పేది అసలు వేరే విడత.

జాతీయ సినిమా అవార్డులకి లెక్క సెన్సార్ సర్టిఫికెట్ తేదీ. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపల ఏ సినిమాకి సర్టిఫికెట్ వస్తే అది ఆ ఏడాది సినిమా. థియేటర్లోకి ఎప్పుడొచ్చిందన్నది వాళ్లకి పట్టదు. ట్రిపుల్ ఆర్‌ని అంతకుముందు 2022 జనవరి 7కి రిలీజ్ చేయాలని పెట్టుకున్నారు, దానికి తగ్గట్టు 2021లోనే సెన్సార్ అయిపోయింది. కోవిడ్ వల్ల రిలీజ్ మార్చికి జరిగింది గానీ సర్టిఫికెట్ తేదీ జరగదు గదా. గంగూబాయి కాఠియావాడి (2022 ఫిబ్రవరి 25), ది కశ్మీర్ ఫైల్స్ (2022 మార్చి 11), రాకెట్రీ (2022 జులై 1), ఇవన్నీ రిలీజ్ చూస్తే 2022 సినిమాలు, అవార్డుల లెక్కలో మాత్రం 2021వి. పుష్ప మొదటి భాగం 2021 డిసెంబరు 17న వచ్చింది కాబట్టి దాంతో ఈ పేచీ లేదు.

ఇక 69వ జాతీయ అవార్డుల జాబితా. సినిమా ఏడాది 2021. ప్రకటించింది 2023 ఆగస్టు 24. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో ఇచ్చింది 2023 అక్టోబరు 17. ఫీచర్ ఫిల్మ్ జ్యూరీకి ఛైర్మన్ కేతన్ మెహతా.

ఉత్తమ చిత్రం: రాకెట్రీ, ది నంబి ఎఫెక్ట్ (దర్శకుడు ఆర్. మాధవన్)
ఉత్తమ దర్శకుడు: నిఖిల్ మహాజన్ (గోదావరి, మరాఠీ)
ఉత్తమ నటుడు: అల్లు అర్జున్ (పుష్ప: ది రైజ్)
ఉత్తమ నటి: ఆలియా భట్ (గంగూబాయి), కృతి సనన్ (మిమి), ఇద్దరికీ కలిపి
సహాయ నటుడు పంకజ్ త్రిపాఠి (మిమి), సహాయ నటి పల్లవి జోషి (ది కశ్మీర్ ఫైల్స్)
వినోదం పంచిన ఉత్తమ ప్రజాదరణ చిత్రం: ట్రిపుల్ ఆర్
ఉత్తమ తెలుగు చిత్రం: ఉప్పెన (దర్శకుడు బుచ్చిబాబు సానా)
సంగీతం, పాటలకి: దేవిశ్రీప్రసాద్ (పుష్ప)
నేపథ్య సంగీతం: ఎం.ఎం. కీరవాణి (ట్రిపుల్ ఆర్)
గాయకుడు: కాలభైరవ (కొమురం భీముడో, ట్రిపుల్ ఆర్)
గాయని: శ్రేయా ఘోషల్ (ఇరవిన్ నిళల్, తమిళం)
సాహిత్యం: చంద్రబోస్ (కొండపొలం, "ధం ధం ధం" పాట)
కొరియోగ్రఫీ ప్రేమ్ రక్షిత్, ఫైట్లు కింగ్ సాలమన్, స్పెషల్ ఎఫెక్ట్స్ వి. శ్రీనివాస్ మోహన్, ముగ్గురూ ట్రిపుల్ ఆర్‌కే.

నాన్ ఫీచర్ విభాగంలో ఉత్తమ చిత్రం ఏక్ థా గావ్. జీకే పుస్తకాల్లో దాన్ని వదిలేస్తుంటారు, నువ్వు ఒక ప్రశ్నన్నా పెట్టు.

షారుఖ్ సంగతేమంటే, అది 71వ విడత. 2023లో సెన్సారైన సినిమాలకి 2025 ఆగస్టు 1న ప్రకటించారు. జవాన్‌కి షారుఖ్, ట్వెల్త్ ఫెయిల్‌కి విక్రాంత్ మస్సే, ఇద్దరూ పంచుకున్నారు. కాబట్టి "2023 జాతీయ ఉత్తమ నటుడెవరు?" అని అడిగితే అల్లు అర్జున్ అన్నవాడూ రైటే, షారుఖ్ అన్నవాడూ రైటే. ఆ ప్రశ్న కార్డు ఉంటే ఇప్పుడే చించి పారెయ్యి.

ప్రశ్నలో ఏడాది బదులు విడత నంబరు రాయి. "69వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటుడెవరు?" అంటే ఒక్కటే జవాబు. నంబరుకి 1952 కలిపితే సినిమా ఏడాది వచ్చేస్తుంది: 69కి 2021, 70కి 2022, 71కి 2023. పుస్తకంలో ఏడాదీ నంబరూ రెండూ ఉంటే కలిపి చూడు, తేడా వస్తే అక్కడ రాసింది ప్రకటించిన ఏడాది అన్నమాట.

పెన్నాతీరం

ఒంగోలు అన్న చెప్పిన సెన్సార్ లెక్క ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదు. మన నెల్లూరు బిడ్డ బాలు గారి అవార్డులే చూడండి. ఆయనకి గాయకుడిగా ఆరు జాతీయ అవార్డులు, నాలుగు భాషల్లో. మొదటిది శంకరాభరణం. ఆ సినిమా రిలీజైంది 1980 ఫిబ్రవరి 2న, అవార్డు మాత్రం 1979 సినిమాలకి ఇచ్చే 27వ విడతలో. ఆఖరిది తమిళ మిన్సార కనవు, మనకి మెరుపు కలలు. 1997 సంక్రాంతికి వచ్చింది, అవార్డు 1996 కింద 44వ విడతలో. పైన చెప్పిన 1952 కలిపి చూసుకోండి, రెండూ సరిపోతాయి. మధ్యలో నాలుగూ ఏక్ దూజే కే లియే, సాగరసంగమం, రుద్రవీణ, కన్నడ పంచాక్షర గవాయి. జిల్లాలో జరిగే క్విజ్‌లో బాలు గారి ప్రశ్న లేకపోతే ఎట్టా? "బాలు గారికి జాతీయ అవార్డులు ఎన్ని భాషల్లో వచ్చాయి?" అని అడగండి. ఏడాదితో పని లేదు, జవాబు నాలుగు.

ఇప్పుడు ఆస్కారు. దీని లెక్క సెన్సార్‌తో కాదు, అమెరికాలో థియేటర్ రిలీజ్‌తో. 95వ ఆస్కార్లు 2022 సినిమాలవి. ట్రిపుల్ ఆర్ అమెరికాలో ఆడింది 2022లో. అంటే ఒకే సినిమా జాతీయ అవార్డులకి 2021ది, ఆస్కారుకి 2022ది. దీనిక్కూడా సులువైన లెక్క ఉంది. ఇప్పటి ఆస్కార్లకి విడత నంబరుకి 1927 కలిపితే సినిమా ఏడాది, 1928 కలిపితే వేడుక జరిగిన ఏడాది.

తేదీ దగ్గర జాగ్రత్త. వేడుక లాస్ ఏంజెలెస్‌లో 2023 మార్చి 12 ఆదివారం రాత్రి. అప్పటికి మనకి 13 సోమవారం పొద్దున. పేపర్లలో 13, 14 రెండూ కనిపిస్తాయి. గోల్డెన్ గ్లోబ్ అవార్డుల వేడుక కూడా అంతే, అక్కడ జనవరి 10, మనకి 11. తేదీ అడక్కుండా నెలా ఏడాదీ అడిగితే సరిపోతుంది.

95వ ఆస్కార్లలో పిల్లలు తెలుసుకోవాల్సినవి: ఉత్తమ చిత్రం ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్, దానికి మొత్తం ఏడు ఆస్కార్లు. దర్శకులు డేనియల్ క్వాన్, డేనియల్ షైనర్ట్. నటి మిషెల్ యో అదే సినిమాకి, నటుడు బ్రెండన్ ఫ్రేజర్ ది వేల్‌కి. సహాయ పాత్రలకి కె హుయ్ క్వాన్, జేమీ లీ కర్టిస్. అంతర్జాతీయ చిత్రం జర్మనీ నుంచి ఆల్ క్వైట్ ఆన్ ది వెస్ట్రన్ ఫ్రంట్. మన దేశానికి రెండు: ఒరిజినల్ సాంగ్ "నాటు నాటు", డాక్యుమెంటరీ షార్ట్ ది ఎలిఫెంట్ విస్పరర్స్ (దర్శకురాలు కార్తికి గొన్సాల్వెస్, నిర్మాత గునీత్ మోంగా). ఈ రెండోదాన్ని మన తెలుగు క్విజ్‌లలో మర్చిపోతుంటారు, అది అన్యాయం.

నాటు నాటు మీద ఎక్కువ మంది పొరపడేది ట్రోఫీ ఎవరిదన్న దగ్గర. ఒరిజినల్ సాంగ్ ఆస్కారు పాట కట్టినాయనకి, రాసినాయనకి. అంటే కీరవాణికి, చంద్రబోస్‌కి. వేదిక మీద పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. గాయకులకి ఆస్కార్లో విభాగమే లేదు. కొరియోగ్రఫీకీ లేదు. సినిమాకి ఆస్కారు వచ్చిందని రాయడం కూడా సరి కాదు. ట్రిపుల్ ఆర్‌కి వచ్చిన నామినేషన్ ఆ పాటదొక్కటే. ఆ ఏడు మన దేశం తరఫున అంతర్జాతీయ విభాగానికి పంపింది గుజరాతీ సినిమా ఛెల్లో షో.

క్విజ్_కావలి

అన్నా, మీ ఇద్దరికీ దండాలు. ఇంకో సందేహం. చంద్రబోస్ జాతీయ అవార్డు ట్రిపుల్ ఆర్‌కే అని మా దగ్గరున్న రెండు ప్రశ్న కార్డుల మీద ఉంది. మీ జాబితాలో కొండపొలం అని ఉంది. అట్టాగే తెలుగుకి 69వ విడతలో 10 అవార్డులా, 11 అవార్డులా? రెండు అంకెలూ కనిపిస్తున్నాయి.

ఒంగోలు_రీలు

కొండపొలమే, మార్చుకో. ఈ ఒక్క చోటే నాలుగైదు పేర్లు అడ్డదిడ్డంగా కలిసిపోతాయి, విడదీసి చెబుతా.

చంద్రబోస్‌కి ఆస్కారు నాటు నాటుకి, జాతీయ అవార్డు కొండపొలం పాటకి. కీరవాణికి ఆస్కారు పాటకి, జాతీయ అవార్డు నేపథ్య సంగీతానికి. అంటే నాటు నాటు బాణీకి జాతీయ అవార్డు రాలేదు, పాటల సంగీతానికి ఆ విడతలో గెలిచింది పుష్పకి దేవిశ్రీ. పుష్ప పాటలు రాసింది కూడా చంద్రబోసే, కొండపొలానికి సంగీతం ఇచ్చింది కూడా కీరవాణే. ఇన్ని ముళ్లున్నాయి కాబట్టే కార్డులు తప్పుతాయి. ఇంకోటి, కాలభైరవ పాడిన కొమురం భీముడో రాసింది సుద్దాల అశోక్‌తేజ. ఆ పాటకి అవార్డు గొంతుకే.

అంకెలు: ట్రిపుల్ ఆర్‌కి ఆరు (ప్రజాదరణ చిత్రం, నేపథ్య సంగీతం, గాయకుడు, కొరియోగ్రఫీ, ఫైట్లు, ఎఫెక్ట్స్). పుష్పకి రెండు. ఉప్పెనకి ఒకటి, కొండపొలానికి ఒకటి. సినిమాలకి వచ్చినవి 10. ఆ ఏడు ఉత్తమ సినీ విమర్శకుడి అవార్డు కూడా తెలుగులో రాసే పురుషోత్తమాచార్యుల గారికే వచ్చింది, దాన్ని కలిపితే 11. "తెలుగు సినిమాలకి ఎన్ని?" అంటే 10 అని రాసుకో.

"మొట్టమొదటి" అని మొదలయ్యే ప్రశ్నలు రాసేటప్పుడు ఇంకాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. జాతీయ ఉత్తమ నటుడు అవార్డు అందుకున్న తొలి తెలుగు నటుడు అల్లు అర్జున్, అది నిజం. కానీ "తెలుగు సినిమాలో నటనకి తొలి జాతీయ అవార్డు" అని రాస్తే తప్పు. ఉత్తమ నటిగా శారద నిమజ్జనానికి, అర్చన దాసికి, విజయశాంతి కర్తవ్యానికి, కీర్తి సురేశ్ మహానటికి ముందే తీసుకున్నారు. ప్రజాదరణ చిత్రం అవార్డు కూడా ట్రిపుల్ ఆర్ కంటే ముందే శంకరాభరణానికి, బాహుబలి రెండో భాగానికి, మహర్షికి వచ్చింది. బాహుబలి మొదటి భాగానికి వచ్చింది దీనికంటే పెద్దది, 63వ విడతలో ఉత్తమ చిత్రం.

ఆస్కారు దగ్గర కూడా "భారతీయుడికి వచ్చిన తొలి ఆస్కారు" అనొద్దు. 1983లోనే గాంధీ సినిమా దుస్తులకి భాను అథయ్యా తెచ్చారు. 2009లో జై హోకి రెహమాన్, గుల్జార్ తీసుకున్నారు, కాకపోతే ఆ సినిమా బ్రిటిష్ వాళ్లు తీసింది. "ఒరిజినల్ సాంగ్ ఆస్కారు గెలిచిన తొలి భారతీయ సినిమా పాట" అని రాస్తే నాటు నాటుకి సరిగ్గా సరిపోతుంది.

కందుకూరు_మాస్టారు

పట్టిక ఎట్టా గీయాలో నేను చెబుతాను. ఒక్కో అవార్డుకి అడ్డంగా ఏడు గళ్లు: అవార్డు పేరు, విడత నంబరు, విజేత, దేనికి (సినిమా లేదా పాట), సినిమా ఏడాది, ప్రకటించిన తేదీ, ఇచ్చిన తేదీ. ప్రశ్న ఈ పట్టిక నుంచే పుట్టాలి. కార్డు మీద ప్రశ్న రాశాక, జవాబు తీసేసి పట్టికలో వెతకండి. రెండు వరసలు సరిపోతే ఆ ప్రశ్న పనికిరాదు. ఈ పరీక్ష ఒక్కటి పెట్టుకుంటే వేదిక మీద గొడవలు చాలామటుకు ముందే తీరిపోతాయి.

ప్రకటించిన తేదీకీ ఇచ్చిన తేదీకీ నెలల తేడా ఉంటుంది, అందుకే రెండు గళ్లు. ఉదాహరణకి 68వ విడత: 2020 సినిమాలు, 2022 జులై 22న ప్రకటన, అదే ఏడు సెప్టెంబరు 30న ప్రదానం, తెలుగు చిత్రం కలర్ ఫోటో. 70వ విడత: 2022 సినిమాలు, 2024 ఆగస్టు 16న ప్రకటన, అక్టోబరు 8న ప్రదానం, తెలుగు చిత్రం కార్తికేయ 2. పక్క విడతలు కూడా పట్టికలో ఉంటేనే ఎక్కడ కలిసిపోతున్నాయో కంటికి కనపడుతుంది.

దాదాసాహెబ్ ఫాల్కేకి వేరే వరస పెట్టండి. అది ఏ ఒక్క సినిమాకో ఇచ్చేది కాదు గానీ దానికీ ఏడాది పేరుంది. 2021 ఫాల్కే వహీదా రెహమాన్‌ది. ప్రకటించింది 2023 సెప్టెంబరులో, ఇచ్చింది 69వ అవార్డుల వేదిక మీదే. పిల్లలకి చెప్పదగ్గ ముక్క ఒకటుంది: ఆవిడ తొలి రోజుల్లో తెలుగు తెర మీద మెరిసింది 1955 నాటి రోజులు మారాయిలో, "ఏరువాక సాగారో" పాటకి నాట్యం చేసింది ఆవిడే.

ఫాల్కే అంటే మన వైపు అందరికీ గుర్తొచ్చేది డి. రామానాయుడు గారు, 2009 ఫాల్కే. "ప్రకాశం జిల్లాలో పుట్టిన ఫాల్కే గ్రహీత ఎవరు?" అని ప్రశ్న పెడుతుంటారు. అట్టా వద్దు. ఆయన పుట్టింది 1936లో, కారంచేడులో. అప్పుడు అది గుంటూరు జిల్లా. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. ఊరి పేరుతో అడగండి, జిల్లా జోలికి పోవద్దు. పర్చూరు, చీరాల నుంచి వచ్చిన పిల్లలుంటే వాళ్లే సరిదిద్దుతారు.

ఇద్దరు పంచుకున్న అవార్డులకి మార్కులెట్టా అన్నది ముందే తేల్చుకోవాలి. 69లో ఉత్తమ నటి ఇద్దరు, 70లోనూ ఇద్దరు (నిత్యా మేనన్, మానసీ పారేఖ్), 71లో నటులు ఇద్దరు. "ఇద్దరి పేర్లూ చెప్పండి, ఒక్కో పేరుకి సగం మార్కు" అని ప్రశ్నలోనే రాస్తే పేచీ ఉండదు. లేదా సినిమా పేరు ఇచ్చి అడగండి: "మిమి సినిమాకి 69వ విడతలో ఉత్తమ నటి ఎవరు?" ఒక్కటే జవాబు. పుష్ప దగ్గర మొదటి భాగం అని తప్పకుండా రాయాలి, ఎందుకంటే రెండో భాగానికి కూడా అల్లు అర్జున్‌కి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 2024 గద్దర్ అవార్డుల్లో ఉత్తమ నటుడు వచ్చింది.

రాష్ట్ర అవార్డుల్లో 2023 పేరుతో నంది ప్రశ్న వద్దు. 2014, 2015, 2016 సినిమాల నందులు మూడూ కలిపి 2017 నవంబరులో ప్రకటించారు, ఏడాదుల గందరగోళం అక్కడ ఇంకా ఎక్కువ. తెలంగాణ గద్దర్ అవార్డుల్లో వెనకటి ఏళ్లకి కూడా ఉత్తమ చిత్రాలు ప్రకటించారు. 2021కి ట్రిపుల్ ఆర్, 2022కి సీతారామం, 2023కి బలగం. చూశారా, అక్కడ కూడా ట్రిపుల్ ఆర్ 2021లోనే పడింది. అదే సినిమాకి జూనియర్ ఎన్టీఆర్ దుబాయ్‌లో తీసుకున్న 2023 సైమా (దక్షిణాది సినిమాల ప్రైవేటు అవార్డు) మాత్రం 2022 రిలీజుల లెక్కలోది. ప్రైవేటు అవార్డులు చాలామటుకు రిలీజ్ తేదీనే పట్టుకుంటాయి. 2020, 2021 రెండేళ్ల సౌత్ ఫిల్మ్‌ఫేర్ కలిపి 2022 అక్టోబరులో ఒకేసారి ఇచ్చారు. హైస్కూలు రౌండుకి ఇవన్నీ అక్కర్లేదు, జాతీయ అవార్డులూ ఆస్కార్లూ చాలు.

పెన్నాతీరం

మాస్టారి మాటకి చిన్న చేర్పు. జడ్జీల బల్ల మీద ఒక ఫైలు ఉంచండి. అందులో 2023 ఆగస్టు 24 నాటి ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో జాబితా ప్రింటు, ఆస్కార్ అకాడమీ సొంత సైటులో 95వ వేడుక విజేతల పేజీ ప్రింటు, రెండూ చాలు. ఎవరన్నా ఫోన్‌లో వార్త చూపించి అడిగితే ఈ కాగితం తీసి చూపించండి. వార్తల్లో ముందు రోజు "వీళ్లకే వస్తుందట" అని రాసినవి కూడా తేదీ చూసుకోకుండా తెచ్చి చూపిస్తుంటారు.

సెన్సార్ ఏడాది మీద అనుమానమొస్తే సినిమా మొదట్లో వచ్చే సర్టిఫికెట్ కార్డు చూడండి. నంబరు, తేదీ, యూ, యూఏ, ఏ లాంటి తరగతి, నిడివి అన్నీ దాని మీదే ఉంటాయి. ఓటీటీలో చాలా సినిమాలకి ఆ కార్డు ఉండదు, అప్పుడు సెన్సార్ బోర్డు సైటులో సినిమా పేరుతో వెతకాలి. డబ్బింగ్ వెర్షన్లకి వేరే సర్టిఫికెట్, వేరే తేదీ ఉంటాయి కాబట్టి భాష సరిచూసుకోండి.

క్విజ్_కావలి

ఏడు గళ్ల పట్టిక గీయడం మొదలుపెట్టాం. పాత కార్డుల్లో "2023 ఉత్తమ నటుడు", "ప్రకాశం జిల్లా ఫాల్కే", "చంద్రబోస్, ట్రిపుల్ ఆర్" మూడూ తీసేశాం. రౌండు మొదట్లో "జాతీయ అవార్డుల ఏడాది అంటే సెన్సార్ ఏడాది" అని పిల్లలకి చదివి వినిపిస్తాం. బాలు గారి ప్రశ్నని ఆఖరికి, సమాన మార్కులొచ్చిన జట్ల కోసం ఉంచాం. "27వ విడత అంటే ఏ ఏడాది సినిమాలు?" అన్నదాన్ని కూడా దానికి జోడిస్తే తొమ్మిదో తరగతి పిల్లలకి మరీ కష్టమవుతుందా?

కందుకూరు_మాస్టారు

కష్టం కాదు. "69వ విడత 2021 సినిమాలది" అని ప్రశ్నలోనే ఇచ్చి, 27వది ఏ ఏడాదిదో కట్టమనండి. కాగితం, పెన్సిలు ఇచ్చి ముప్పై సెకన్లు పెట్టండి. జవాబు 1979.